శిల్పాన్ని చదవడం - 4వ పాఠం: ముందు పాదాలు చూడండి

కిందటి పాఠంలో చేతి ముద్రలు చూశాం. ఈసారి చూపును ఇంకాస్త కిందికి దించాలి. కూర్చున్న విగ్రహంలో తొందరగా విరిగేవి ముక్కు, చేతులు. మడిచిన కాళ్లు పీఠానికి అతుక్కుని ఉంటాయి కాబట్టి చాలాసార్లు అవే మిగులుతాయి. కాళ్లు చదవడం వస్తే తల లేని విగ్రహం కూడా మనతో మాట్లాడుతుంది.

అరికాళ్లు ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. రెండూ తొడల మీద పైకి తిరిగి ఉంటే పూర్తి పద్మాసనం, బౌద్ధ శిల్పంలో వజ్రపర్యంకం. సారనాథ్‌లోని 5వ శతాబ్దపు ధర్మచక్ర ముద్ర (ఛాతీ ముందు రెండు చేతులతో పట్టే బోధనా ముద్ర) బుద్ధుడు ఇలా కూర్చున్నవాడే. కుడికాలు ఎడమకాలి మీద ఆని, ఒక్క అరికాలే కనిపిస్తే అర్ధపద్మాసనం. అమరావతి, నాగార్జునకొండ శిల్పులకు ఇదే అలవాటు. సింహళ శిల్పులు దీన్ని అందుకున్నారు. అనురాధపురంలోని సమాధి బుద్ధుడి కాళ్లలో మన కృష్ణా తీరపు పనితనం కనిపిస్తుంది. గాంధార (నేటి వాయవ్య పాకిస్తాన్, తూర్పు అఫ్గానిస్తాన్ ప్రాంతం) శిల్పాల్లో తరచుగా వస్త్రం పాదాలను కప్పేస్తుంది. అక్కడ ఈ లెక్క పనికిరాదు.

తామర పీఠం కనబడగానే పద్మాసనం అని రాసేయకండి. తామర మీద నిలబడిన దేవతలు ఎందరో ఉన్నారు.

పాత కడప జిల్లా వాళ్లకు మరో చూపు అవసరం. నందలూరు దగ్గర బౌద్ధ అవశేషాలున్నాయి, పెన్న ఒడ్డున దానవులపాడులో జైన ఆలయం ఉంది. ధ్యానంలో ఉన్న జినుడు (జైన తీర్థంకరుడు), బుద్ధుడు దూరానికి ఒకేలా ఉంటారు. దక్షిణాది జినుడు కూడా ఎక్కువగా అర్ధపద్మాసనంలోనే కనిపిస్తాడు. దగ్గరికి వెళ్లి ఎడమ భుజం, మణికట్టు, చీలమండ చూడండి. బుద్ధుడైతే ఎక్కడో ఒకచోట వస్త్రపు అంచు దొరుకుతుంది. సారనాథ్ బుద్ధుడికైతే ఆ అంచు మడిచిన కాళ్ల కింద కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా, విసనకర్రలా విచ్చుకుంటుంది. దిగంబర జినుడి ఒంటి మీద అలాంటి గీత ఒక్కటీ ఉండదు.

ఇక కొలత. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. 14వ శతాబ్దపు జైన గ్రంథం వాస్తుసారం కూర్చున్న జినమూర్తికి నాలుగు కొలతలు సమానంగా ఉండాలంటుంది: మోకాలి నుంచి మోకాలికి, కుడి మోకాలి నుంచి ఎడమ భుజానికి, ఎడమ మోకాలి నుంచి కుడి భుజానికి, ఆసనం నుంచి నుదుటికి. విగ్రహంలో మనం అనుభవించే నిశ్చలతలో సగం ఈ సమానత్వం నుంచే వస్తుందని నా నమ్మకం.

కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియానికో, మీకు దగ్గరలోని మరో మ్యూజియానికో వెళ్లి, కూర్చున్న విగ్రహం ఒకటి ఎంచుకోండి. అనుమతి తీసుకుని ఎదురుగా, విగ్రహం నడుము ఎత్తులో ఫోను పట్టుకుని ఫోటో తీయండి. పైనుంచి తీస్తే తల పెద్దదై కొలత తప్పుతుంది. ఫోటోను కాగితం మీద అచ్చు తీయించి, దారంతో నాలుగు కొలతలూ తీసి పక్కనే రాయండి. అన్నీ కలవకపోయినా దిద్దకండి. వచ్చే పాఠంలో కాళ్లు కిందికి దించి కూర్చున్న అజంతా, ఎల్లోరా బుద్ధుల పక్కన ఆ అంకెలే పెట్టి చూస్తాం.