ఏసీ ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూశారా?

వైరింగ్ పని చేస్తాను కాబట్టి ఎండాకాలం రాగానే నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. చాలామంది చెప్పేది ఒకటే: "ఎంసీబీ పడలేదండీ, అయినా ప్లగ్గు మాడిపోయింది." ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే బోర్డులోని స్విచ్. అది చూసేది వైరులో కరెంటు ఎంత పోతోందన్నదే. స్క్రూ వదులై ఆ ఒక్క చోట వేడి పుడుతుంటే కరెంటు పెరగదు, అందుకే అది పడదు. ఆ వేడిని మనమే కనిపెట్టాలి.

మెయిన్ దగ్గర న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) స్క్రూ వదులుగా ఉందనుకోండి. 75 వాట్ల ఫ్యాన్ ఒక్కటే తిరిగినన్నాళ్లూ ఏమీ బయటపడదు. 1500 వాట్ల ఏసీ వేస్తే అక్కడ కరెంటు సుమారు 20 రెట్లు అవుతుంది. వేడి పెరిగేది కరెంటు వర్గాన్ని (కరెంటును కరెంటుతోనే గుణించిన దాన్ని) బట్టి కాబట్టి, అది 20×20, అంటే సుమారు 400 రెట్లు! చలికాలమంతా పడి ఉన్న లోపం ఎండల్లో ఒక్కసారిగా మాడేది ఇందుకే.

మధ్యాహ్నం ఏసీ గంటసేపు నడవనివ్వండి. ఏసీ ఆపి, గోడ స్విచ్ కూడా కట్టేసి, పొడి చేతి వెనక వైపుతో ప్లగ్ టాప్‌ను తాకండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి ఆనించలేకపోతే ఇక ఆ పాయింట్ వాడకండి. ఎంసీబీ కూడా దించాక ప్లగ్గు చల్లారనిచ్చి, బయటికి లాగి పిన్నులు చూడండి: నల్లబడ్డాయా, సాకెట్ రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందా? కొన్నిసార్లు కంటికి కనపడకముందే చేపల వాసన లాంటిది వస్తుంది. వంటింట్లోంచి అనుకుని వదిలేయకండి.

మాడిన ప్లగ్ టాప్ ఒక్కటే మారిస్తే సరిపోదు. పనిలో కొత్తగా ఉన్నప్పుడు నేనూ అలాగే మార్చి వచ్చాను. పది రోజులకే కొత్తదీ మాడింది. వేడికి సాకెట్ లోపలి రేకులు బిగువు పోగొట్టుకుని పిన్నును గట్టిగా పట్టుకోవు. అప్పటినుంచి రెండూ కలిపే మారుస్తున్నాను, నల్లబడిన రాగి తీగను మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి బిగిస్తున్నాను. ఈ పని మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

మాటిమాటికీ ఎంసీబీ పడుతోందని పెద్దది వేయమని అడుగుతారు. నేను వేయను, ఎవరు వేస్తానన్నా ఒప్పుకోకండి. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. వైరు అదే ఉంచి 16 ఆంపియర్ల చోట 32 వేస్తే, గోడలో వైరు కరుగుతున్నా అది పడకపోవచ్చు. ముందు లోడ్ తగ్గించండి, ఏసీకి విడిగా లైను వేయించుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఏసీ నడపొద్దు. మిగతా వాటికి వాడినా చుట్ట పూర్తిగా విప్పండి, చుట్టలో వేడి బయటికి పోదు.

కూలర్ దగ్గర నాకు భయం ఎక్కువ. నీళ్లు, ఇనుప బాడీ, లోపల పంపు అన్నీ ఒకే చోట ఉంటాయి, పైగా పిల్లలు తడి కాళ్లతో తిరుగుతుంటారు. నీళ్లు పోసేముందు స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్గే పీకేయండి. మూడో పిన్ను (ఎర్త్ పిన్ను) విరిగిన ప్లగ్గుతో కూలర్ వాడొద్దు. బాడీ ముట్టుకుంటే చిన్నగా జిల్లుమన్నా ఎర్తింగ్ చూపించేదాకా దాన్ని పక్కన పెట్టండి.

మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) లేకపోతే ఈ ఎండాకాలంలోనే పెట్టించండి. ఎంసీబీ పట్టించుకోనంత చిన్న లీకేజీకి కూడా అది సెకనులో చిన్న భాగంలోనే కరెంటు తీసేస్తుంది. ఉన్నవాళ్లు దాని మీది టెస్ట్ బటన్ నొక్కి చూడండి. వెంటనే పడాలి. పడకపోతే రేపటిదాకా ఆగకుండా మార్పించండి.