డ్యాష్‌బోర్డ్ అంతా గ్రీన్, కస్టమర్ మాత్రం తిడుతున్నాడు

సమస్య: మా సాఫ్ట్‌వేర్‌కి టెస్ట్ కవరేజ్ 85 శాతం, ఓపెన్ బగ్స్ (ఇంకా సరిచెయ్యని తప్పులు) వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అయినా రిలీజ్ అయిన ప్రతిసారీ రాత్రి ఫోన్ మోగుద్ది. మా టీమ్‌లో చాలా రోజులు ఇదే గోల.

కారణం: టూల్ ఏది చూపిస్తే అదే కొలిచాం, ఎందుకు కొలుస్తున్నాం అని ఎవ్వరం అడగలేదు. కవరేజ్ అంటే టెస్ట్ నడిచినప్పుడు కోడ్‌లో ఆ లైన్ రన్ అయిందని మాత్రమే, రిజల్ట్ కరెక్టా కాదా చూసిందని కాదు, ఒక్క అసర్ట్ (రిజల్ట్ సరిచూసే లైన్) లేకపోయినా 100 శాతం వచ్చేస్తుంది.

ఏం చెయ్యాలి: ముందు గోల్, తర్వాత ప్రశ్నలు, ఆఖర్న మెట్రిక్, అంటే కొలత. దీన్ని జీక్యూఎం (గోల్, క్వశ్చన్, మెట్రిక్) అంటారు, మేరీలాండ్ యూనివర్సిటీలో విక్టర్ బాసిలీ వాళ్లు నాసా గొడార్డ్ స్పేస్ ఫ్లైట్ సెంటర్ ప్రాజెక్టుల మీద పనిచేస్తూ తయారుచేసిన పద్ధతి, పాతదే కానీ ఇప్పటికీ పనికొస్తుంది. గోల్ "క్వాలిటీ పెంచాలి" అని రాస్తే దండగ. "పేమెంట్ మాడ్యూల్ నమ్మకంగా పనిచెయ్యాలి, డబ్బు కట్టే కస్టమర్ వైపు నుంచి చూస్తే" అని రాయండి, అప్పుడు ప్రశ్నలు వాటంతటవే వస్తాయి: డబ్బు కట్ అయ్యి ఆర్డర్ పడనివి వారానికి ఎన్ని? సర్వీస్ పడిపోతే లేవడానికి ఎంతసేపు? మన టెస్టింగ్ దాటి బయటికి పోయిన బగ్స్ ఎన్ని? ఈ చివరిది లెక్క కట్టడం ఈజీ, లోపల 40 దొరికి బయట 10 తేలితే 50లో 10, అంటే 20 శాతం లీకేజ్.

ఇంకో సమస్య: మెట్రిక్ పెట్టిన నెలకే నంబర్లు తెగ బాగుపడ్డాయి. సంతోషపడకండి. టెస్టర్‌కి నెలకి ఇన్ని బగ్స్ అని టార్గెట్ పెడితే ఒక్క స్పెల్లింగ్ మిస్టేక్ మూడు బగ్ టికెట్లవుద్ది, తప్పు అతనిది కాదు, టార్గెట్ పెట్టినోళ్లది. కొలతనే టార్గెట్ చేస్తే అది కొలతగా పనికిరాదని గుడ్‌హార్ట్ లా చెప్పేది ఇదే. మెట్రిక్‌ని అప్రైజల్ నుంచి తీసెయ్యండి, పక్కన దానికి ఎదురుగా లాగేది ఇంకోటి పెట్టండి, స్పీడ్ కొలిస్తే ఫెయిలైన రిలీజులు కూడా కొలవాలి.

"క్వాలిటీ బాలేదు" అని మీటింగ్‌లో తలో మాట అంటుంటే ఐఎస్‌ఓ 25010 లిస్టు తెరవండి, సాఫ్ట్‌వేర్ క్వాలిటీ అంటే ఏయే లక్షణాలో చెప్పే అంతర్జాతీయ స్టాండర్డ్ అది. 2011 ఎడిషన్‌లో 8 లక్షణాలున్నాయి, 2023లో సేఫ్టీ కలిపి 9 చేశారు. అన్నీ కొలవబోతే చస్తాం, మీ ప్రాడక్ట్‌కి ముఖ్యమైనవి రెండో మూడో ఎంచుకోండి.

మూడు నెల్లుగా ఏ నిర్ణయానికీ పనికిరాని ప్యానెల్ డ్యాష్‌బోర్డ్‌లో ఉంటే డిలీట్ కొట్టెయ్యండి, ఎవరైనా అడిగితే మళ్లీ పెట్టొచ్చు. మేం తీసేసినవాటి గురించి ఇప్పటిదాకా ఎవ్వరూ అడగలేదు.