సీకో 7548 డైవ్ వాచీ: సమస్య – కారణం – పరిష్కారం

1970ల చివర్లో వచ్చిన సీకో 7548 సెల్‌తో నడిచే డైవ్ వాచీ, అంటే నీళ్లలో దిగేవాళ్ల కోసం చేసింది. ఆగిపోయిన పాత వాచీలను అమ్మేవాళ్లు "సెల్ వేస్తే చాలు, నడుస్తుంది" అంటూ అమ్ముతుంటారు. సెల్ ఒక్కటే లోపమైతే వాళ్లే వేసి, నడుస్తున్న వాచీగా మంచి ధరకు అమ్ముకునేవాళ్లు. ఆ మాట నమ్మి డబ్బు పెట్టకండి. అలాగని, ఆగిన వాచీలో సర్క్యూటు పోయిందని ముందే తేల్చేయకండి. ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

కొత్త సెల్ వేసినా కదలడం లేదు

క్రౌన్ (టైమ్ సరిచేసే పక్క మీట) పూర్తిగా లోపలికి నొక్కారా? బయటికి లాగి ఉంటే సెకన్ల ముల్లు ఆగే ఉంటుంది.

సెల్ 301 రకం, అంటే ఎస్‌ఆర్43ఎస్‌డబ్ల్యూ, ఉండాలి: 1.55 వోల్టులు, 11.6 మి.మీ. వెడల్పు, 4.2 మి.మీ. మందం. ఎల్‌ఆర్43 కూడా అదే కొలతలో పడుతుంది. కానీ అది ఆల్కలైన్; వాడేకొద్దీ వోల్టేజి దిగిపోతుంది, కారే ప్రమాదమూ ఎక్కువే.

సెల్‌కు తగిలే రేకుల మీద తెల్లటి పొడో, పచ్చటి చిలుమో ఉంటే పాత సెల్ కారిందన్నమాట. అది క్షారం. రేకును విప్పి బయటికి తీశాకే వెనిగర్‌లో ముంచిన పుల్లతో తుడవండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. వెనిగర్ చుక్క కూడా సర్క్యూటు మీద పడకూడదు.

అప్పటికీ కదలకపోతే సెల్ తీసేసి, కాయిల్‌ను (ముళ్లను కదిలించే సన్నటి రాగి తీగ చుట్టను) విడదీసి మల్టీమీటరుతో కొలవండి. వేలల్లో ఓమ్‌లు చూపితే తీగ బాగుంది. మీటరు అసలు స్పందించకపోతే తెగింది. ఆ తీగ వెంట్రుక కన్నా సన్నం. సెల్ తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ జారినా చాలు. ఇంకో 7548 నుంచి కాయిల్ తీసి వేయడమే మార్గం.

ముల్లు ఉన్నచోటే వణుకుతోంది

నిజానికి ఇది మంచి సూచన. సర్క్యూటు, కాయిల్ పనిచేస్తున్నాయి. అడ్డు చక్రాల్లో ఉంది. ఎండిన నూనె, దుమ్ము, లేదా ముళ్ల మీది లూమ్ (చీకట్లో మెరిసే పూత) పొడిగా రాలి పళ్లలో ఇరుక్కోవడం కారణం. మూత తీసి పైపైన నూనె చుక్క వేస్తే దుమ్ము ఇంకా అంటుకుంటుంది. చక్రాలన్నీ విప్పి కడిగి, ఇరుసుల చివర మాత్రమే పలచటి వాచీ నూనె పెట్టాలి. రోటర్ (కాయిల్ తిప్పే చిన్న చక్రం) అయస్కాంతం కాబట్టి ఇనుప రజను లాగేస్తుంది. దాన్ని ఇత్తడి పట్టకారుతో పట్టండి. డీమాగ్నెటైజర్ (అయస్కాంత శక్తిని తీసేసే పరికరం) దగ్గరికి తేవద్దు, రోటర్ బలం తగ్గిపోతుంది.

ముల్లు రెండేసి సెకన్లు గెంతితే అది లోపం కాదు, సెల్ అయిపోవచ్చిందన్న హెచ్చరిక.

టైమ్ ముందుకో వెనక్కో పోతోంది

వారం పాటు తేడా రాసుకోండి. ట్రిమ్మర్ స్క్రూను (సర్క్యూటు మీద వేగం సరిచేసే చిన్న స్క్రూను) వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ వారం చూడండి.

అద్దం లోపల ఆవిరి

వెనక మూత, క్రౌన్ దగ్గరి రబ్బరు రింగులు గట్టిపడి పట్టు వదిలాయి. మూత తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో రెండు రోజులు ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ వేడికి డయల్ పాడవుతుంది. కొత్త రింగులకు సిలికోన్ గ్రీజు పలచగా రాసి బిగించండి. క్రౌన్ మర అరిగి ఉంటే రింగులు మార్చినా నీరు ఆగదు. డయల్ మీద 150 మీటర్లు అని ఉన్నా, ప్రెషర్ టెస్టు చేయించకుండా నీళ్లలో దించకండి.

తేదీ మారడం లేదు

రాత్రి 9 నుంచి 1 గంట మధ్య క్రౌన్‌తో తేదీ తిప్పితే క్యాలెండర్ పళ్లు దెబ్బతింటాయి. విరిగిన చక్రం మార్చాలి. ఇకపై తేదీ సరిచేసే ముందు ముళ్లను 6 గంటల దగ్గరికి తెచ్చుకోండి.