పాత ఇల్లు అమ్మే ముందు రంగుల ఎంపిక – మూడవ పాఠం: లోపలి గోడలు

గత పాఠంలో గోడల చెమ్మను పరిశీలించి, ఉప్పు పూసిన చోట పాత పూతను గోకించి, మరమ్మతు చేయించడం వరకు చెప్పుకున్నాము. ఆ పని పూర్తి కానివారు ఈ పాఠాన్ని అప్పుడే ఆచరణలో పెట్టవద్దని మనవి. విశాఖ వంటి తీర నగరంలో చెమ్మ గోడ మీది రంగు త్వరలోనే పొక్కులు లేస్తుంది. పైగా తెలిసిన లోపాన్ని రంగుతో కప్పి అమ్మడం కొనేవారికి అన్యాయం చేయడమే.

లోపలి రంగు ఆలోచనను షేడ్ కార్డుతో, అంటే రంగుల నమూనాల పట్టీతో కాక నేలతో మొదలుపెట్టాలి. విశాఖలోని వన్‌టౌన్, మహారాణిపేట వైపు పాత ఇళ్లలో ఎర్ర గచ్చు గాని మొజాయిక్ గాని ఉంటే, అమ్మకం కోసం దానిని ఎవరూ మార్చరు కనుక గోడే నేలకు అనుగుణంగా నడుచుకోవాలి. ఎర్ర గచ్చు మీద పడిన వెలుతురు గోడ కింది భాగానికి ఎరుపు జీరను పూస్తుంది. అందువల్ల గులాబీ ఛాయ ఉన్న క్రీము రంగు అక్కడ మరింత గులాబీగా మారుతుంది, కొద్దిగా పసుపు కలిసిన దంతపు తెలుపు మాత్రం నిలకడగా కనిపిస్తుంది. మొజాయిక్ అయితే అందులోని రాతి ముక్కలలో అన్నిటికంటే లేత రంగును ఎంచుకుని, దానికి దగ్గరి ఛాయను గోడకు తీసుకోండి. టేకు తలుపులకు మాత్రం దయచేసి ఎనామిల్ వేయించకండి. పాలిష్ చేయిస్తే చాలు, పాత ఇంటికి అవే అందం.

తర్వాత వెలుతురు. ఉత్తరపు గదిలోకి ఏడాదిలో ఎక్కువ భాగం నేరుగా ఎండ రాదు, వచ్చే వెలుతురులో నీలి ఛాయ ఉంటుంది. బూడిద కలిసిన తెలుపు అక్కడ దిగులుగా కనిపిస్తుంది కనుక వెచ్చని క్రీము మేలు. పడమటి గదిలో సాయంకాలపు ఎండ అదే క్రీమును ముదురు పసుపు చేస్తుంది, అక్కడ శుభ్రమైన తెలుపు నప్పుతుంది. కొన్ని షేడ్ కార్డులలో ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఉంటుంది. అది రంగు ఎంత వెలుతురును తిరిగి పంపుతుందో చెబుతుంది, 0 నలుపు, 100 తెలుపు. కిటికీలు చిన్నవైన పాత గదులకు 70కి తగ్గని రంగునే నేను సూచిస్తాను.

ఎగుడుదిగుడు గోడల మీద మెరుపు పూత ప్రతి గతుకునూ ఎత్తి చూపుతుంది, మెరుపు లేని మ్యాట్ పూత దాచుతుంది. వంటగదికి మాత్రం కడగడానికి వీలైన పూత కావాలి. పైకప్పుకు తెలుపు చాలు.

అభ్యాసం: ఎంచుకున్న రెండు రంగుల చిన్న డబ్బాలు తెచ్చి, ఒక్కొక్కటి రెండడుగుల తెల్లని అట్ట మీద రెండు పూతలు వేయండి. పాత రంగు పక్కన కొత్త రంగు కంటిని మోసగిస్తుంది కనుక గోడ మీదే వేసి చూడకండి. ఎమల్షన్ (నీటితో కలిపే గోడ రంగు) ఆరాక సాధారణంగా కాస్త ముదురుతుంది, కాబట్టి పూర్తిగా ఆరనిచ్చి, అట్టను నేలకు ఆనించి ప్రతి గోడ దగ్గరా పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ట్యూబులైటు కింద చూసి రాసుకోండి. ఇల్లు చూడటానికి ఉద్యోగస్తులు సాయంత్రాలే వస్తారు కనుక రాత్రి పరిశీలనను వదిలివేయవద్దు. ఆ కాగితాన్ని దగ్గర ఉంచుకోండి. వచ్చే పాఠంలో వీధి గోడకు, తుప్పు పట్టిన గ్రిల్స్‌కు రంగు ఎంచేటప్పుడు అది అవసరమవుతుంది.