కార్బన్ లెక్కలు చదవడం – 4వ పాఠం: అమ్మినవారి పద్దు

క్యోటో కాలంలో కార్బన్ క్రెడిట్లు, అంటే తగ్గించిన ఉద్గారాలకు దక్కే, అమ్ముకోగల పత్రాలు, అమ్మిన దేశం పద్దును ఎవరూ ఎందుకు అడగలేదు? గత పాఠం ఈ ప్రశ్న దగ్గర ఆగింది. 1997 నాటి క్యోటో ఒడంబడిక ఉద్గారాల తగ్గింపు బాధ్యతను పారిశ్రామిక దేశాల మీదే పెట్టింది. క్రెడిట్లు అమ్మిన వర్ధమాన దేశాలకు లక్ష్యమే లేనప్పుడు, అది తప్పిందా లేదా అన్న లెక్క ఎక్కడిది? 2015 పారిస్ ఒప్పందంతో అన్ని దేశాలూ లక్ష్యాలు ప్రకటించుకోవలసి వచ్చింది. తగ్గించిన ఒకే టన్నును అమ్మినవారూ కొన్నవారూ ఇద్దరూ తమ ఖాతాలో రాసుకునే చిక్కు అక్కడే మొదలైంది.

ఇక పెన్సిలు తీసుకోండి. అమ్మే దేశం లక్ష్యం 90 లక్షల టన్నులు, అసలు ఉద్గారాలు 88 లక్షలు. కొనే దేశం లక్ష్యం 40 లక్షలు, అసలు ఉద్గారాలు 44 లక్షలు. ఇప్పుడు 5 లక్షల క్రెడిట్లు చేతులు మారాయి. క్రెడిట్ అంటే ఒక టన్ను తగ్గింపు. కొన్నవారు 44 నుంచి 5 తీసేసి 39కి దిగారు, గట్టెక్కారు. అమ్మినవారు 88 దగ్గరే ఉండిపోతే కాగితం మీద మొత్తం 127 లక్షలు. గాలిలో కలిసింది 132 లక్షలు. ఆ 5 లక్షలు ఎటు పోయినట్లు?

అందుకే పారిస్ ఒప్పందంలోని ఆరవ అధికరణం అమ్మినవారిని తిరిగి కూడమంటుంది. 88కి 5 కలిపితే 93. లక్ష్యం తప్పింది! డబ్బు చూసి తొందరపడితే జరిగేది ఇదే. ఈ కూడికా తీసివేతల జంటనే సర్దుబాటు అంటారు. బ్యాంకాక్ విద్యుత్ బస్సుల వల్ల తగ్గిన ఉద్గారాలలో 1,916 టన్నులను స్విట్జర్లాండ్‌కు బదిలీ చేసిన థాయ్‌లాండ్ పద్దులోనూ ఇదే కూడిక.

సర్దుబాటు చేస్తామన్న మాట, క్రెడిట్ల అమ్మకానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రంలో ఉంటుంది. ఒప్పందపత్రాలు చదివేటప్పుడు నేనైతే ధర కన్నా ముందు దాన్నే వెతుకుతాను. తొలి బదిలీ జరిగిన, అంటే అప్పటికే ఒకసారి చేతులు మారిన క్రెడిట్లకు, తరువాత అనుమతిలో చేసే మార్పులు వర్తించవని 2024లో బాకు వాతావరణ సదస్సు తేల్చింది. అయితే పాల్గొనే దేశాలు వేరే విధంగా రాసుకోవచ్చన్న మినహాయింపు ఉంది. ఆ వాక్యం కింద గీత గీసుకోండి.

అభ్యాసం: పై ఉదాహరణలో అమ్మే దేశం తన లక్ష్యం చెడకుండా గరిష్ఠంగా ఎన్ని క్రెడిట్లు అమ్మగలదు? అన్నే కొంటే రెండో దేశం గట్టెక్కుతుందా? జవాబు 5వ పాఠం మొదట్లో.