హన్మకొండలో ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ప్లేఆఫ్ చూసేవాళ్లకు

ముందు టైమ్ చూసుకోండి, న్యూయార్క్‌లో ఆదివారం సాయంత్రం ఆరున్నర అంటే మనకు సోమవారం పొద్దున ఐదు, చౌరస్తాలో చాయ్ బండ్లు అప్పుడప్పుడే తెరుస్తుంటాయి. రూల్స్ అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, టచ్‌డౌన్‌కు (బంతిని అవతలి జట్టు చివరి గీత దాటిస్తే) ఆరు పాయింట్లు, ఓడితే ఇంటికే.

అసలు సంగతేంటంటే, తొందరపడి గ్రూప్‌లో "గెలిచాం" అని పెట్టకండి. 2022 జనవరిలో ఇంకో 13 సెకన్లే ఉన్నాయి, బఫెలో బిల్స్ 36-33తో ముందుంది, అయినా కాన్సాస్ సిటీ చీఫ్స్ స్కోరు సమం చేసి ఓవర్‌టైమ్‌లో 42-36తో పట్టుకుపోయింది. నేను పెట్టిన స్టేటస్ వెంటనే తీసేశాను గానీ, మా బావ దగ్గర స్క్రీన్‌షాట్ ఇప్పటికీ ఉంది.

ఫౌల్ అని రిఫరీ విసిరే పసుపు జెండా పడ్డా ఆగండి, టచ్‌డౌన్ రద్దు కావచ్చు. టెన్షన్ ఆగకపోతే దిండులో మొహం పెట్టి అరవండి, పక్క గదిలో నాన్న పడుకున్నారు కదా.