ఎగ్జాస్ట్ హెడర్లకు లోహం, పూత ఖరారు చేసే ముందు జాగ్రత్తలు

హెడర్‌ను, అంటే ఇంజన్ సిలిండర్ల నుంచి పొగను బయటికి తీసుకుపోయే గొట్టాల అమరికను, పూతకు పంపే ముందే ఇంజన్‌కు బిగించి, అది స్టీరింగ్ షాఫ్టుకు గానీ స్టార్టర్ మోటారుకు గానీ తగలడం లేదని నిర్ధారించుకోవాలి; పూత వేశాక వెల్డింగ్ చేసినా, సుత్తితో సొట్ట పెట్టినా అక్కడి సిరామిక్ పూత పాడై, మొత్తం పని మళ్ళీ చేయించవలసి వస్తుంది.

కొత్తగా ఓవర్‌హాల్ చేసిన ఇంజన్‌ను మొదట, హెడర్‌కు ముందు అక్కడున్న పాత ఎగ్జాస్ట్ మానిఫోల్డుతోనే నడిపి సరిచూసుకోవడం మేలు, ఎందుకంటే ఇగ్నిషన్ టైమింగ్ బాగా వెనుకబడితే, అంటే నిప్పురవ్వ ఆలస్యంగా పడితే, ఎగ్జాస్ట్ వేడి పూత తట్టుకునే హద్దును దాటవచ్చు.

మైల్డ్ స్టీల్ (కార్బన్ తక్కువగా ఉండే మామూలు ఉక్కు) గొట్టాలకు హీట్ వ్రాప్ (వేడిని ఆపే పట్టీ) చుట్టకపోవడమే మంచిది. అది తేమను పట్టి ఉంచుతుంది, తుప్పు కంటికి కనబడకుండా పెరుగుతుంది.

304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ వేడికి మైల్డ్ స్టీల్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది కనుక, కదలికకు వీలిచ్చే స్లిప్ జాయింట్లు లేకపోతే వెల్డింగ్ అతుకుల దగ్గర పగుళ్ళు రావచ్చు. టర్బో ఇంజన్‌కైతే, ఖర్చు ఎక్కువైనా, టైటానియం కలిసిన 321 రకం స్టెయిన్‌లెస్ స్టీలే నా ఎంపిక.

ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు పలక) ముఖాలనూ, ఆక్సిజన్ సెన్సర్ మరలనూ పూత తగలకుండా కప్పించాలి.

మెరుపు కోసమే క్రోమ్ పూత కోరుకునేవారు, అది వేడికి త్వరలోనే నీలిరంగుకు తిరుగుతుందని ముందే తెలుసుకోవాలి.